అరవై అయిదు దెబ్బల గంట

ఆ రోజు జ్ఞానయ్య పెట్టుకున్న పని ఒక్కటే. భార్య సమాధికి సున్నం వేయాలి. మర్నాడు సమాధుల పండుగ. చినరేవులో చర్చికి వెళ్ళేవాళ్ళంతా ఆ సాయంత్రం కొండెక్కి తమవాళ్ళ దగ్గర కొవ్వొత్తులు వెలిగిస్తారు. వెలిగించి, పక్క సమాధికి సున్నం పడిందో లేదో చూస్తారు. పడకపోతే ఏడాది పొడుగునా చెప్పుకుంటారు. అందుకని ముందు రోజే బకెట్లో సున్నం నానబెట్టి, కొబ్బరి పీచుతో కుంచె కట్టి, పొద్దున్నే గంజి తాగి గడప దాటబోతుంటే గణేశ్వరరావు ఫోను పట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చాడు.

“బాబాయ్, తుఫాన్ మెసేజ్. ఈసారి పక్కా అంట.”

గణేశ్వరరావు పట్నంలోని మిడిల్ పాయింట్‌లో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా. చినరేవుకు వచ్చే హెచ్చరికలు అతని ఫోనుకే వస్తాయి, వాటిని ఇంటింటికీ చేరవేసే బాధ్యత కూడా అతనిదే. హిందీలో ఉన్నదాన్ని చదివి తెలుగులోకి మార్చి చెప్పాడు. తీరంలో లోతట్టు ప్రాంతాల వారు సురక్షిత స్థలాలకు తరలవలసిందిగా సూచించడమైనది. మధ్యాహ్నం రెండు తర్వాత సముద్రం పొంగే అవకాశం కలదు.

జ్ఞానయ్య ఫోను వైపు చూడలేదు. సముద్రం వైపు చూశాడు. గాలి లేదు. నీళ్ళు నూనె పోసినట్టు ఉన్నాయి. ఆగ్నేయాన మబ్బు అడుగున రాగి రంగు. హాడో రేవులో జెండా కర్రకు ఇరవై ఎనిమిదేళ్ళు ప్రమాద సూచికలు ఎగరేసి రిటైరైన మనిషి అతను. ఆ ఇరవై ఎనిమిదేళ్ళలో తలెత్తి చూసినవాళ్ళందరూ వైజాగ్ ఓడ ఆలస్యమా అనే అడిగారు. ప్రమాదం ఎంత అని ఒక్కడూ అడగలేదు.

“వస్తుంది,” అన్నాడు. సున్నం బకెట్ పక్కన పెట్టాడు.

ప్రోతరాపూర్ దాటాక బస్సు ఆగిపోయే చోటు నుంచి అరగంట కిందికి నడిస్తే చినరేవు. డెబ్బై ఇళ్ళు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చి సముద్రం దాటి ఈ దీవిలో స్థిరపడినవాళ్ళ పిల్లలు, మనవలు. ఒక పక్క మడ అడవి, ముందు సముద్రం, వెనక కొండ. కొండ మీద శ్మశానం, దాన్ని ఆనుకుని బడి. నీళ్ళొస్తే జనం ఎక్కవలసింది ఆ బడికే. సునామీ వచ్చిపోయిన తొమ్మిదేళ్ళలో ఏడుసార్లు హెచ్చరిక వచ్చింది. మొదటిసారి ఊరంతా ఎక్కింది. ఏమీ రాలేదు. రెండోసారి సగం ఊరు ఎక్కింది. ఏమీ రాలేదు, దిగివచ్చేసరికి కొన్ని కోళ్ళు, రెండు అల్యూమినియం డేగిసాలు కనబడలేదు. ఏడోసారి ముగ్గురు ఎక్కారు. జ్ఞానయ్య, గణేశ్వరరావు, దారి తప్పిన మేక.

ఇది ఎనిమిదోసారి.

మొదట గవరమ్మ ఇల్లు. ఆమె గుమ్మంలో కూర్చుని బచ్చలికూర తుంచుతోంది. గణేశ్వరరావు మెసేజ్ అంతా చదివి వినిపించాడు.

“లోతట్టోళ్ళకి కదా బాబూ. మాకేటి? మా ఇంటికి మూడు మెట్లున్నాయి.”

“సముద్రానికి మూడు మెట్లు ఎక్కడం రాదా?” అన్నాడు జ్ఞానయ్య.

“అరే ఛోడో భయ్యా, వొదిలెయ్. పోయినసారి ఇలాగే బెదరగొట్టినావు. రెండోసారి నీ మాట ఇని ఎక్కితే నా తెల్లకోడి పోనాది. అది ఎవరి పొయ్యి మీద ఉడికిందో నాకు తెల్సు. పేరు సెప్పించకు.”

ఆ మాటకు పక్కింటి ఎరుకమ్మ తలుపు వెనక్కి తప్పుకుని, అక్కడి నుంచే చెప్పింది. “లోతట్టంటే మాది కాదు. కాళమ్మోళ్ళది. మా గుమ్మంలోంచి సూస్తే ఆళ్ళ ఇంటి కప్పు కనబడతాది.”

కాళమ్మకు కోపం వచ్చింది. “మాది లోతట్టా? మేరి ఇంటికంటే మాది జానెడు ఎత్తు. ఎల్లి మేరికి సెప్పుకోండి.”

మేరి ఇంటి తర్వాత ఇల్లు లేదు. చినరేవువాళ్ళ లెక్క ప్రకారం లోతట్టులో ఉన్నది సముద్రం ఒక్కటే.

మేరి ఇంటికి గణేశ్వరరావు వెళ్ళలేదు. ఫోను అప్పటికే పలకడం మానేసింది. నడవలేని ముసలివాళ్ళ కోసం జీపు అడుగుతానని, బడి తాళంచెవి జ్ఞానయ్య చేతిలో పెట్టి బస్సు రోడ్డుకు పోయాడు. జ్ఞానయ్య ఒక్కడే మిగిలాడు. ఆ ఇంటికి వెళ్ళకూడని మనిషి ఊళ్ళో ఎవరైనా ఉంటే అది అతనే.

మేరి అతని భార్య పుష్పవతికి చెల్లెలు. ఎనిమిదేళ్ళుగా బావతో మాటల్లేవు. సునామీలో మేరి భర్త పోయాడు. ఆ మరుసటేడే పుష్పవతికి గుండె జబ్బు ముదిరింది. వైజాగ్ తీసుకెళ్ళమన్నారు, విమానం ఎక్కించవద్దన్నారు. ఓడకు టిక్కెట్టు తీశారు. బయల్దేరే రోజు పొద్దున జ్ఞానయ్యే తన చేతులతో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగరేశాడు. కిందికి దిగి, అప్పటికే ఓడ ఎక్కి కూర్చున్న అక్కచెల్లెళ్ళకు ఆ సంగతి చెప్పి, తర్వాతి ఓడ ఎప్పుడో కనుక్కోవడానికి టిక్కెట్ల కిటికీ దగ్గరికి పోయాడు. తిరిగి వచ్చేసరికి పుష్పవతి పెట్టెతో సహా గట్టు మీద ఉంది. భార్య తన మాట విన్నదనుకున్నాడు. ఓడ సాయంత్రం కదిలింది. దారిలో ఎవరికీ వాంతి కూడా కాలేదట. తర్వాతి ఓడ నెల రోజులకు. పుష్పవతి పదమూడు రోజులే ఆగింది.

అంత్యక్రియల రోజున మేరి అందరి ముందూ ఒక్క మాటే అంది. “నీ జెండా మా అక్కని సంపేసింది.” ఆ రోజు నుంచి జ్ఞానయ్య ఆ మాటను అన్నంతో పాటు తింటున్నాడు.

మేరి తడకల మీద ఎండుచేపలు తిరగేస్తోంది. బావను చూసి, కాళ్ళ దగ్గరున్న నల్లకుక్కతో మాట్లాడింది.

“ఏవే నల్లీ, జెండాల పెద్దమనిసి వొచ్చినాడు. ఏటి కావాలో అడుగు.”

“రెండింటికి నీళ్ళొస్తాయి. బడికి ఎక్కు,” అన్నాడు జ్ఞానయ్య, కుక్కతో కాదు, మేరితో కాదు, మధ్యలో ఉన్న చేపలతో.

“మా అక్కకి కూడా ఇలాగే సెప్పినాడు నల్లీ. అక్క ఇనింది. ఇప్పుడు కొండ మీద పడుకుంది.” ఒక చేపను ఎత్తి దబ్బున తిరగేసింది. “ఆయన పోయిన రోజున సూడ్డానికి ఎక్కుతానని సెప్పు. బతికుండగా ఆయన మాట మీద ఒక్క అడుగు ఎక్కను. ఇనపడిందా?”

కుక్క తోకాడించింది.

జ్ఞానయ్య ఆమె ముఖంలోకి చూశాడు. కొంగు దోపుకునే తీరు అదే, కోపం వస్తే ముక్కు ఎగరేయడం అదే. పుష్పవతి పోలిక ఈ భూమ్మీద ఇంకెక్కడైనా మిగిలి ఉంటే అది ఈ ముఖంలోనే. తిడితే తిట్టనీ. అది ఉండాలి. రెండింటికి ఇక్కడ మాత్రం ఉండకూడదు. చెయ్యి పట్టి లాక్కుపోదామా అనుకున్నాడు. ఆమె చేతిలో చేపలు కోసే కత్తి ఉంది.

తిన్నగా చర్చికి వెళ్ళాడు. పాస్టరు గారు మీటింగుకని మిడిల్ పాయింట్ వెళ్ళారు. గంట కొట్టే జీవరాజు మెట్ల మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

“గంట కొట్టు జీవరాజూ. జనం కొండెక్కాలి.”

“ఏ గంట అన్నా?”

“గంట.”

“గంటంటే రెండున్నాయి. ఆదివారం గంట గబగబా కొట్టాల. చావు గంట, పోయినోళ్ళ వయసెంతో అన్ని దెబ్బలు, దెబ్బకీ దెబ్బకీ మజ్జ ఒక ఊపిరి. తుఫాన్ గంట మా నాన్న నాకు నేర్పలేదు.”

“జనం కదిలే గంట కొట్టు,” అని జ్ఞానయ్య వెళ్ళిపోయాడు.

అతను మాటల్లో పిసినారి. ఇంకో నాలుగు మాటలు మాట్లాడి ఉంటే ఆ రోజు మరోలా గడిచేది. దారిలో ఇంటి దగ్గర ఆగి సున్నం బకెట్ తీసుకున్నాడు. ఎటూ కొండెక్కుతున్నాడు, జనం వచ్చేలోపు ఆ పని కూడా అయిపోతుంది. వస్తారన్న నమ్మకం ఉండి కాదు.

బడి తలుపులు తీశాడు. బల్లలు గోడకు నెట్టాడు. గోడ మీద తుఫాను వస్తే వెంట తెచ్చుకోవలసిన పదకొండు వస్తువుల పట్టిక అంటించి ఉంది. మంచినీళ్ళు, పొడి తిండి, టార్చి, టార్పాలిన్, అలా. తొమ్మిదేళ్ళలో ఎవరూ అందులో రెండింటికి మించి తెచ్చిన పాపాన పోలేదు. బయటికి వచ్చి పుష్పవతి సమాధికి సున్నం మొదలుపెట్టాడు. ఒక వైపు పూర్తయ్యేసరికి కింద గంట మోగింది.

ఒక దెబ్బ. ఒక ఊపిరి. ఇంకో దెబ్బ.

జ్ఞానయ్య చేతిలో కుంచె ఆగిపోయింది. చావు గంట. చినరేవులో పుట్టిపెరిగిన ఎవరైనా ఆ గంట వింటే తమకు తెలియకుండానే లెక్కపెడతారు. అతనూ లెక్కపెట్టాడు. అరవై అయిదు దగ్గర ఆగింది. కాళమ్మ, అనుకున్నాడు. ఇందాక జానెడు ఎత్తు గురించి పోట్లాడిన మనిషి. రక్తపోటు ఉంది కూడా. పాపం అనుకున్నాడు గాని, ఆ వెంటనే కోపం వచ్చింది. సరిగ్గా ఈ రోజే చావాలా? ఇప్పుడు ఊరంతా పోయి కాళమ్మ ఇంట్లో కూర్చుంటుంది. ఆ ఇల్లు సముద్రానికి రెండో ఇల్లు. మేరి అందరికంటే ముందు పోయి కూర్చుంటుంది.

మిగతా సున్నం కోపంగా వేశాడు. సగం సమాధి మీద పడింది, సగం అతని ముఖం మీద, చొక్కా మీద పడింది.

ఇక కిందికి దిగి బతిమాలదామని లేచేసరికి, దారి మలుపులో జనం కనబడ్డారు. పది మంది కాదు, ఇరవై మంది కాదు, ఊరు. మంచినీళ్ళ బిందెలు, బియ్యం మూటలు, అటుకుల సంచులు, టార్పాలిన్లు, లాంతర్లు, మడత కుర్చీలు, ఎరుకమ్మ తల్లిని కూర్చోబెట్టి మోస్తున్న కుర్చీ, చంకల్లో పిల్లలు. ముందు నలుగురు మోస్తున్న నులకమంచం, దాని మీద తెల్లటి దుప్పటి. మంచం మీద మనిషి లేడు. వెనక చావు పాట. బడి గోడ మీది పదకొండు వస్తువులూ కొండెక్కి వస్తున్నాయి. పన్నెండోది శవం, అదొక్కటీ కనబడలేదు.

జ్ఞానయ్య కాళమ్మ కోసం చూశాడు. కాళమ్మ మంచం పక్కనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నడుస్తోంది. ఆమె వెనక జుట్టు విరబోసుకుని మేరి.

జీవరాజు అడ్డదారిన, రాళ్ళ మీద పాక్కుంటూ, అందరికంటే ముందు వచ్చి పడ్డాడు. రొప్పుతూ జ్ఞానయ్య చెయ్యి పట్టుకున్నాడు.

“అన్నా, కోపం తెచ్చుకోకు. సచ్చిపోనాది నువ్వు.”

“ఏమిటీ?”

“జనం కదిలే గంటంటివి. ఆదివారం గంటకి సగం మంది రారు. చావు గంటకి రానోడు లేడు. అందుకని అదే కొట్టినాను. వయసు నువ్వు సెప్పలేదు. ఎక్కడ ఆపాలో తెలీక చెయ్యి నొప్పెట్టినప్పుడు ఆపినాను. ఆళ్ళు లెక్కెడితే అరవై అయిదయ్యింది.”

“అరవై అయిదంటే కాళమ్మ కదా?”

“ముందు ఆళ్ళూ అదే అన్నారు. కానీ కాళమ్మ అక్కడే నిలబడి లెక్కెడతన్నాది. అరవై అయిదోళ్ళు ఊళ్ళో ఇంకెవరంటే నువ్వే. మీ ఇంటికి పరిగెట్టినారు. నువ్వు లేవు, సున్నం బకెట్టూ లేదు. గవరమ్మ ఉందిగా, ఆవిడ సెప్పీసింది. పొద్దున్నే మొకం నల్లగా ఎట్టుకుని వొచ్చినాడు, అందరూ ఎల్లిపోవాలన్నాడు, పాపం ఆయనకి ముందే తెలిసిపోనాది, సమాధి కాడే పడిపోయుంటాడు అని.”

“నువ్వు చెప్పలేదా?”

“సెబుదామనే నోరు తెరిసినాను. అప్పటికే అందరూ పొయ్యిలు ఆర్పేసి తలుపులు యేసేస్తన్నారు. నీకు వండిపెట్టే ఆడమనిషి లేదని ఎవరింట్లో ఉన్న బియ్యం ఆళ్ళు మూట కట్టినారు. మూసేసినాను నోరు.” జీవరాజు వెనక్కి చూశాడు. పాట దగ్గరపడింది. “నువ్విలా నిలబడ్డావంటే, నన్ను తన్ని, మూటలెత్తుకుని దిగిపోతారు. అందరికంటే ముందు మేరి దిగిపోతాది. కాసేపు సచ్చిపోవా అన్నా?”

జ్ఞానయ్య జన్మలో అబద్ధం ఆడలేదు. అందువల్ల అతనికి స్నేహితులు కూడా లేరు. సముద్రం వైపు చూశాడు. రాగి రంగు మబ్బు నల్లబడి సగం ఆకాశం ఆక్రమించింది. మడ అడవి మీది కొంగలన్నీ లేచి కొండ వైపు వస్తున్నాయి. ఇంకా గంటన్నర, అనుకున్నాడు. భార్య సమాధి పక్కన వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకున్నాడు. ముఖం మీద ఆరిన సున్నం వల్ల, నిజం శవాలకు కూడా రాని తెలుపు వచ్చింది.

“ఎవరూ ముట్టుకోకండి!” జీవరాజు అరిచాడు. “పాస్టరు గారొచ్చి ప్రార్థన సేసేదాకా ముట్టకూడదు. దూరం, దూరం!” అంటూ మంచం మీది కాళమ్మ దుప్పటి తెచ్చి కాళ్ళ నుంచి తల దాకా కప్పేశాడు.

దుప్పటి కింద జ్ఞానయ్య తన చావుకు వచ్చినవాళ్ళ మాటలు విన్నాడు.

“మంచోడు,” అంది గవరమ్మ. “మాట మంచిది కాదు గాని, మనిషి మంచోడు.”

“నవ్వగా సూసినావా ఎప్పుడైనా?” ఎరుకమ్మ అడిగింది.

“పెళ్ళిలో నవ్వినాడంట.”

“నేను పెళ్ళికి ఎల్లినాను. నవ్వలేదు.”

కాళమ్మ ముక్కు చీదింది. “నా వయసోడు. ఆ గంట నాకే కొట్టినారేమో అనుకున్నాను ఒక్క నిమిషం. పోనీలే, ఆయనకి ఎవరూ లేరు.”

మొదటి గాలి వచ్చింది. అప్పుడు గుంపులోంచి ఒక ముసలి గొంతు లేచింది. మనిషి ఇంటి బయట పోతే ఒకసారి ఇంటికి తీసుకుపోవాలి, గుమ్మంలో స్నానం చేయించాలి, అప్పుడే తిరిగి తేవాలి, అది పద్ధతి, అంది. పద్ధతి అన్న మాట వినగానే నలుగురు లేచి మంచం అందుకున్నారు. అంటే మళ్ళీ ఊరంతా కిందికి దిగాలి. జీవరాజు పాస్టరు పేరు చెప్పాడు, బైబిలు పేరు చెప్పాడు, వానొస్తుందన్నాడు. ఎవరూ వినలేదు. జ్ఞానయ్య నడుం కింద ఎవరి చేతులో దూరాయి. ఇక లేవక తప్పదనుకున్నాడు.

“వొదలండి,” అంది మేరి. “అక్క పక్కన ఉండనివ్వండి. ఎనిమిదేళ్ళకి కలిసినారు. సానం ఇక్కడే సేయిద్దాం. నీళ్ళు బడి కాడున్నాయి.”

చేతులు తప్పుకున్నాయి. ఆ ముసలి గొంతు ఇంకేదో అనబోయింది గాని, అంతలో చినుకులు మొదలయ్యాయి. పొద్దుటి నుంచి మబ్బు బెదిరిస్తున్న వాన అది. ఒక్కసారిగా పెద్ద చినుకులు. ఆడవాళ్ళు పిల్లలనెత్తుకుని బడి అరుగు మీదికి పరుగెత్తారు. మగవాళ్ళు మూటలు లోపలికి చేరవేశారు. ఎవరో పొయ్యి వెలిగించారు. శవం దగ్గర కూర్చోవడానికి మేరి మిగిలింది, ఒక గొడుగుతో. గొడుగు తన మీద పట్టుకోలేదు. బావ ముఖం మీద పట్టింది.

బడిలో పొయ్యి పొగ లేచాక మాట్లాడింది. కుక్కతో కాదు.

“బావా, ఇనపడదు కాబట్టి సెప్తన్నాను. ఆ రోజు ఓడ కాడ నువ్వొచ్చి మూడో నంబరు ఎగరేసినాను, మీ ఇష్టం, అని ఎల్లిపోనావు. అక్క ఎల్లిపోదామనే అంది. ఈ నొప్పి కంటే సముద్రం మేలంది. నాకు భయమేసింది. మా ఆయన్ని నీళ్ళు లాక్కుపోయి ఏడాది కాలేదు. నేనే దాని చెయ్యట్టుకుని దింపేసినాను. బావ వొద్దన్నాడు, దిగిపో అని అబద్ధం సెప్పినాను.” గొడుగు ఇంకాస్త కిందికి వంచింది. “అది పోయాక అందరూ నీకేసే సూసినారు. నువ్వేమో ఒక్క మాట మాటాడలేదు. నేనే మొదలెట్టేసినాను, నీ జెండా సంపేసిందని. మొదలెట్టినాక ఆపడం రాలేదు.”

దుప్పటి కింద జ్ఞానయ్య ప్రతి మాటా విన్నాడు. ఎనిమిదేళ్ళు. ప్రతి పూటా అన్నంతో పాటు తిన్న మాట. ప్రతి రాత్రి తన రెండు చేతులూ చూసుకోవడం. జెండా తాడు లాగిన చేతులు. సముద్రం, రెండింటి గడువు, ఊరు, అన్నీ మర్చిపోయాడు.

లేచి కూర్చున్నాడు. దుప్పటి ఒళ్ళోకి జారింది.

“ఏమన్నావు? మళ్ళీ చెప్పు.”

మేరి అరుపు బడి దాకా వినబడింది. అరుగు మీద ఉన్నవాళ్ళు తలెత్తి చూశారు. వానలో, సమాధి పక్కన, సున్నం కారుతున్న తెల్లటి ముఖంతో శవం కూర్చుని ఉంది, మరదల్ని ప్రశ్నలడుగుతోంది. గవరమ్మ ఉన్నచోటే కూలబడింది. కాళమ్మ ప్రభువును పిలిచింది, ఆమె అప్పలనరసింహస్వామి భక్తురాలైనా సరే. నలుగురు కుర్రాళ్ళు ఎటు పరుగెడుతున్నారో చూసుకోకుండా దారి పట్టుకుని కిందికి దూకారు.

మలుపు దాకా వెళ్ళి ఆగిపోయారు. మలుపు తర్వాత దారి లేదు. నీళ్ళున్నాయి. ఆ నీళ్ళలో కాళమ్మ ఇంటి కప్పు నెమ్మదిగా తిరుగుతూ మడ అడవి వైపు పోతోంది. వాళ్ళు పోయినదానికంటే వేగంగా తిరిగి వచ్చారు.

మూడు వందల పన్నెండు మంది బడిలో ఒకరినొకరు ఒరుసుకుని కూర్చుని, కిటికీల్లోంచి చూశారు. గవరమ్మ మూడు మెట్లు మునిగాయి. చిట్టచివరి ఇల్లు ఉన్నచోట, తడకలు ఉన్నచోట, సముద్రం ఉంది. ఎవరి పక్కనా కూర్చోకుండా తలుపు దగ్గర నిలబడి, తన చావు కోసం వండిన అన్నం జ్ఞానయ్య కూడా తిన్నాడు.

రెండో రోజు నీళ్ళు తీశాక, గణేశ్వరరావుతో ఒక ఆఫీసరు వచ్చాడు. మిగతా చోట్ల పదిమందిలో ముగ్గురు కూడా కదల్లేదట. చినరేవులో నూటికి నూరుమంది ఎలా కదిలారో కాగితం మీద పెట్టుకోవాలన్నాడు. ఏ మాటలతో హెచ్చరించారు, ఎవరు చెప్పారు, ఏ భాషలో చెప్పారు అని హిందీలో అడిగాడు.

“నేను చచ్చిపోయానని చెప్పారు,” అన్నాడు జ్ఞానయ్య.

ఆఫీసరు గణేశ్వరరావు వైపు చూశాడు. గణేశ్వరరావు ఒక నిమిషం ఆలోచించి, “స్థానికంగా పలుకుబడి గల పెద్దమనిషి ద్వారా సమాచారం అందించడమైనది,” అని రాయించాడు.

ఊరు మాత్రం జ్ఞానయ్యను క్షమించలేదు. ప్రాణాలు పోలేదు కదా అని ఎవరైనా అంటే, ఆ సంగతి వేరు, ఏడిపించి మోసం చేశాడు, ఆ సంగతి వేరు, అన్నారు. కాళమ్మయితే తన దుప్పటి తడిపి పాడు చేశాడని కూడా అంది. జీవరాజును పాస్టరు గారు మూడు ఆదివారాలు గంట ముట్టుకోవద్దన్నారు.

ఇళ్ళు పోయినవాళ్ళకు సర్కారు రేకుల షెడ్లు వేసింది. మేరి షెడ్డు జ్ఞానయ్య ఇంటి పక్కనే పడింది. మధ్యలో ఒక కొబ్బరి మట్టల దడి. రోజూ పొద్దున్నే దడి అవతల నుంచి మేరి పలకరిస్తుంది. “బావా, టీ పెట్టినాను, తాగుతావా?” అంటుంది. “బావా, పండుగ నాడు కొవ్వొత్తి యెలిగించలేదు, అక్క కాడికి ఎల్దామా?” అంటుంది. ఎనిమిదేళ్ళ మాటలన్నీ దాచిపెట్టుకున్నట్టు మాట్లాడుతుంది. ఒక్కోసారి ఏడుస్తుంది. జ్ఞానయ్య గంజి తాగి, గిన్నె కడిగి బోర్లించి, దడి వైపు చూడకుండా సముద్రం వైపు పోతాడు.

గవరమ్మ ఒకరోజు ఉండబట్టలేక దారికి అడ్డం వచ్చింది. “ప్రాణం కాపాడినావు కదా భయ్యా, ఒక్క మాట మాటాడితే ఏటి పోతాది? ఎన్నాళ్ళు ఇలాగ?”

“ఎనిమిదేళ్ళు,” అన్నాడు జ్ఞానయ్య.

ఇప్పటికి రెండు నెలలయింది.